నిప్పు ఎవరు పెట్టారని అడగమనండి

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పోయిన వారం పదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెబుతున్నాను. జర్మనీలో యూదులను చంపిన తీరు చెప్పి ఆపగానే వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి, "మేడమ్, నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. అందరూ వాళ్ళనే ఎందుకు తరిమారు? వాళ్ళేదో చేసే ఉంటారు కదా?" అని అడిగాడు. అల్లరికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. ఈలోగా బెల్ కొట్టారు. ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా తమ్ముడు వాట్సాప్‌లో వచ్చిన ఒక మెసేజ్ చూపించాడు. యూదులను 109 దేశాల నుంచి వెళ్ళగొట్టారని అందులో ఉంది. మా వారికేమో ఇజ్రాయెల్ అంటే వల్లమాలిన అభిమానం. ఇద్దరూ గాజా మీద వాదించుకుని అన్నం తినకుండా లేచారు. జియోనిజం అన్న మాట ఇద్దరూ వాడారు కానీ అదేమిటో నాకైతే అర్థం కాలేదు. ఈ ద్వేషం ఎక్కడ మొదలైంది? జియోనిజం దీని నుంచే పుట్టిందా? సోమవారం క్లాసులో ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం:

టీచర్ గారూ,

ముందు ఆ అబ్బాయిని మెచ్చుకోండి. చాలామంది పెద్దవాళ్ళు మనసులో పెట్టుకుని పైకి అనని మాట అతను లేచి అడిగాడు. నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చేది. మొదట్లో నేనూ మీలాగే తడబడ్డాను. హిట్లర్ దుర్మార్గుడు అని చెప్పి పాఠం ముందుకు లాగేవాణ్ణి. పిల్లలకు అది చాలలేదని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసేది. ఒక్క మనిషి పూనుకుంటే 60 లక్షల మందిని చంపడం అయ్యే పని కాదు. అతను పుట్టడానికి వందల ఏళ్ళ ముందు నుంచీ ఆ కట్టెలు ఎండుతూనే ఉన్నాయి.

అతను చెప్పిన సామెత దగ్గరే మొదలుపెట్టండి. తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరుతో జరిగిన దాడుల గురించి మీ పిల్లలు వినే ఉంటారు. ఒక ఇంట్లో పిల్లాడికి జ్వరం తగ్గదు, ఇంకో ఇంట్లో గేదె చస్తుంది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె మీదికి మాట వెళుతుంది. ఈడ్చుకొచ్చి పళ్ళు రాలగొడతారు. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు మనం "పాపం ఊరివాళ్ళు, ఆమె ఏం చేసిందో ఏమో" అనుకోం. ఆ మాట ఎవరు పుట్టించారు, ఆమె ఎకరం పొలం మీద ఎవరి కన్ను ఉంది అని అడుగుతాం. పొగ వచ్చింది కాబట్టి నిప్పు ఉంది, నిజమే. పెట్టింది ఎవరన్నదే తేల్చాల్సిన విషయం. యూదుల చరిత్రను కూడా ఇలాగే చదవాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీ పిల్లలకు పదో తరగతిలోనే తెలిస్తే నాకు సంతోషం.

పాతకాలం సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేంలోని ఆలయాన్ని కూల్చారు. 135లో యూదుల ఆఖరి పెద్ద తిరుగుబాటును అణచివేశారు. అప్పటికే ఈజిప్టు, బాబిలోన్ వైపు చాలామంది యూదులు స్థిరపడి ఉన్నారు, ఆ తర్వాత ఇంకా చెదిరిపోయారు. వేరే దేవుళ్ళకు మొక్కరు, వారంలో ఒక రోజు పని ముట్టరు, అందరితో కలిసి తినరు అని చుట్టుపక్కలవాళ్ళకు చికాకు ఉండేది. 38లో అలెగ్జాండ్రియాలో వాళ్ళ మీద పెద్ద దాడే జరిగింది. అయినా ఆ కాలంలో ఒక జనానికి ఇంకో జనం మీద ఉండే కోపతాపాల్లో ఇదీ ఒకటి. తరాల తరబడి, ఖండాలు దాటి నిలిచిన ద్వేషం దాని తర్వాత వచ్చింది. అది ఒక ఇంటి గొడవలోంచి పుట్టింది.

యేసు యూదుడు. ఆయన తల్లి, శిష్యులు యూదులు. సిలువ రోమన్ శిక్ష, వేయమన్నది రోమన్ అధికారి పిలాతు. కానీ క్రైస్తవం కొత్త మతంగా విడిపోతున్నప్పుడు, పాత ఇంటివాళ్ళు మా మాట వినలేదన్న బాధ గ్రంథాల్లోకి, ప్రసంగాల్లోకి ఎక్కింది. నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తులే క్రైస్తవులయ్యాక ఆ మాటలకు రాజ్యబలం తోడైంది. 386, 387 సంవత్సరాల్లో అంతియొకయ నగరంలో జాన్ క్రిసోస్టమ్ అనే క్రైస్తవ గురువు యూదుల మీద ఘోరమైన ప్రసంగాలు చేశాడు. ఎందుకంత కోపమో చూడండి. ఆయన చర్చికి వచ్చే క్రైస్తవులే యూదుల పండుగలకు వాళ్ళ ప్రార్థన మందిరాలైన సినగాగులకు వెళుతున్నారు, వాళ్ళతో కలిసి ఉపవాసాలు ఉంటున్నారు. ఇరుగుపొరుగు బాగానే ఉన్నారు. గీత గీయాల్సిన అవసరం గురువుకు వచ్చింది. నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలా విషయాలు నేర్పింది. ద్వేషం కింది నుంచి దానంతట అదే మొలవలేదు. పనిగట్టుకుని నాటారు.

ఇది చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. మీ క్లాసులో క్రైస్తవ పిల్లలు తప్పకుండా ఉంటారు. గుడ్ ఫ్రైడే ప్రసంగాల్లో "యూదులు సిలువ వేశారు" అనే మాట విని ఉంటారు. వాళ్ళను దోషుల్లా నిలబెట్టవద్దు. 1965లో రెండో వాటికన్ మహాసభలో కేథలిక్ చర్చి ఒక ప్రకటన చేసింది. యేసు మరణానికి ఆనాటి యూదులందరినీ గానీ, ఈనాటి యూదులను గానీ బాధ్యుల్ని చేయకూడదని అందులో చెప్పింది. అది కూడా ఆ పిల్లలకు చెప్పండి. తప్పు సరిదిద్దుకోవడం కూడా చరిత్రే.

ఇక డబ్బు సంగతి. మీ అబ్బాయి మనసులో "వాళ్ళేదో చేసే ఉంటారు" అన్నదాని కింద ఉన్నది బహుశా ఇదే. వడ్డీ వ్యాపారులు, పిసినారులు అన్న ముద్ర. మన తెలుగు పేపర్లు కూడా కాల్ మనీ వ్యాపారిని ఇప్పటికీ షైలాక్ అని రాస్తాయి. ఆ పాత్రను షేక్స్‌పియర్ 1590ల చివర్లో సృష్టించాడు. ఇంగ్లండ్ యూదులందరినీ 1290లోనే వెళ్ళగొట్టింది. అంటే అప్పటికి మూడు వందల ఏళ్ళుగా ఆ దేశంలో యూదులు బహిరంగంగా బతికే వీలే లేదు. నాటకం చూసినవాళ్ళలో ఎక్కువమంది తాము యూదుడని తెలిసిన ఒక్క మనిషితో కూడా మాట్లాడి ఉండరు. అయినా అతని గుండె ఎలాంటిదో తమకు తెలుసనుకున్నారు.

యూరప్‌లో చాలా చోట్ల యూదులకు భూమి ఉండకూడదు. చేతివృత్తుల సంఘాల్లో చేరాలంటే క్రైస్తవుడై ఉండాలి. ఇటు చర్చి క్రైస్తవులు సాటివాళ్ళకు వడ్డీకి ఇవ్వకూడదంది. కానీ రాజుకు యుద్ధానికి డబ్బు కావాలి, రైతుకు విత్తనాలకు కావాలి, మఠానికి కట్టడాలకు కావాలి. అన్ని దారులూ మూసి ఆ ఒక్క తలుపు తెరిచి ఉంచారు. అందులోంచి నడిచిన కొందరిని చూపించి మొత్తం జాతి గుణమే అదన్నారు. నిజానికి యూదుల్లో ఎక్కువమంది పేదలే. ఇంగ్లండ్‌లో యూదులు రాజుగారి సొత్తు కింద లెక్క. వాళ్ళు వసూలు చేసిన వడ్డీని రాజు పన్నుగా పిండేవాడు. జనం కంటికి కనబడేది మాత్రం గుమ్మంలో నిలబడ్డ యూదుడు.

1190 మార్చిలో యార్క్ పట్టణంలో జరిగింది పిల్లలకు కథలా చెప్పండి. నేను ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. జెరూసలేం మీదికి క్రూసేడ్ యుద్ధానికి బయల్దేరే ఉద్రేకంలో పట్టణం ఊగిపోతోంది. యూదుల ఇళ్ళ మీద దాడులు మొదలయ్యాయి. దాదాపు 150 మంది పిల్లాపాపలతో కోట బురుజులోకి పారిపోయారు. బయట మూక ముట్టడి వేసింది. ఇక తప్పదని తెలిసి లోపల చాలామంది తమ చేతులతోనే తమవాళ్ళను చంపుకుని ప్రాణాలు తీసుకున్నారు. మతం మారితే వదిలేస్తామన్న మాట నమ్మి తెల్లారి బయటికి వచ్చినవాళ్ళను చంపేశారు. ఆ మూకను నడిపించినవాళ్ళలో యూదులకు బాగా బాకీపడ్డ భూస్వాములు ఉన్నారు. పని అయిపోగానే వాళ్ళు నేరుగా పట్టణంలోని పెద్ద చర్చికి వెళ్ళారు. అప్పు పత్రాలు దాచి ఉంచేది అక్కడ. వాటన్నిటినీ బయటికి లాగి చర్చి లోపలే కాల్చేశారు. దేవుడి పేరుతో మొదలైన గొడవ అప్పు కాగితాల దగ్గర ముగిసింది. ఆ తర్వాత రాజు చేసిన ఏర్పాటు ఏమిటంటే, ఇకపై ప్రతి అప్పు పత్రానికీ నకలు తీసి పెట్టెల్లో భద్రపరచాలి. ప్రాణాల కంటే తనకు రావాల్సిన డబ్బు మీదే ఆయనకు బెంగ.

ఇదే కాలంలో ఇంకో నింద పుట్టింది, అన్నిటికంటే ఘోరమైనది. 1144లో నార్విచ్ పట్టణం దగ్గర అడవిలో ఒక బాలుడి శవం దొరికింది. యూదులు తమ పండుగ కోసం క్రైస్తవ పిల్లల్ని చంపుతారని కథ అల్లారు. తర్వాత దానికి రక్తం కూడా కలిపారు, పస్కా అనే యూదు పండుగ రొట్టెలో కలుపుతారని. యూదు ధర్మంలో జంతువు రక్తం కూడా ముట్టకూడదు, మాంసాన్ని ఉప్పు వేసి రక్తం పూర్తిగా తీసేశాకే వండుతారు. పోప్‌లే ఇది అబద్ధమని ఉత్తరాలు రాశారు. ఎవరు వింటారు? 1348లో ప్లేగు వచ్చినప్పుడు యూదులు బావుల్లో విషం కలిపారన్నారు. యూదులు కూడా అదే ప్లేగుతో చస్తున్నారు కదా అని పోప్ ఆరో క్లెమెంట్ ప్రకటన చేసినా ఆగలేదు. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్‌లో వందల మందిని సజీవంగా కాల్చారు. అప్పటికి ఆ ఊరికి ప్లేగు ఇంకా రానే లేదు. మన బాణామతికీ దీనికీ తేడా ఏమైనా కనిపిస్తోందా మీకు?

1215లో రోమ్‌లో జరిగిన చర్చి మహాసభ, యూదులూ ముస్లింలూ చూడగానే తెలిసేలా వేరే రకం బట్టలు కట్టుకోవాలంది. దాంతో చాలా దేశాల్లో బట్టల మీద పసుపు గుడ్డ ముక్క, తల మీద మొనదేలిన టోపీ తప్పనిసరి చేశారు. 1516లో వెనిస్‌లో రాత్రిపూట తలుపులు మూసేసే పేటలో పెట్టారు, ఘెట్టో అన్న మాట అక్కడిదే. మూతికి ముంత, నడుముకి తాటాకు అన్న మాట విని పెరిగిన పిల్లలకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 1938 నవంబరులో గాంధీజీ హరిజన్ పత్రికలో యూదుల గురించి రాస్తూ, వాళ్ళు క్రైస్తవ ప్రపంచపు అంటరానివాళ్ళు అన్నారు. ఆ పోలిక సరైనదే.

ఇప్పుడు మీ తమ్ముడి మెసేజ్. ఆ 109 సంఖ్య యూదు ద్వేషులు తయారుచేసి తిప్పుతున్న జాబితాలోది. అందులో దేశాలే కాదు, ఊళ్ళు కూడా ఉన్నాయి, కొన్ని చోట్లను మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టారు. వెళ్ళగొట్టడం నిజంగానే చాలాసార్లు జరిగింది. ఇంగ్లండ్ 1290లో, ఫ్రాన్స్ 1306లో, స్పెయిన్ 1492లో వెళ్ళగొట్టాయి. ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో వాళ్ళ ఇళ్ళు, వాళ్ళకు రావాల్సిన బాకీలు రాజు చేతికి వెళ్ళాయి. వందసార్లు తరిమారు కాబట్టి వాళ్ళదే తప్పంటే, వందల ఊళ్ళలో వెలివాడలు ఉన్నాయి కాబట్టి తప్పు వెలివేయబడ్డవాళ్ళదే అనాలి. మీ తమ్ముడు ఆ మాట అనగలడా అని అడగండి.

అదే సమయంలో తలుపు తెరిచినవాళ్ళ జాబితా ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 1492లో స్పెయిన్ తరిమినవాళ్ళను ఆటోమన్ సుల్తాన్ రమ్మన్నాడు. ముస్లిం రాజ్యాల్లో యూదులకు సమాన హోదా లేదు, జిజియా కట్టాలి, 1066లో గ్రెనడాలో ఊచకోత కూడా జరిగింది. అయినా యూరప్‌లోలా వాళ్ళను సైతాను సంతానంగా చూసే ఆలోచన అక్కడ వేళ్ళూనుకోలేదు. మన దక్షిణాదిలో కొచ్చి రాజు తన కోట పక్కనే స్థలం ఇస్తే 1568లో కట్టిన సినగాగ్ ఇప్పటికీ ఉంది. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ళ ప్రార్థన మందిరం అక్కడే ఉంది. యూదులంటే రహస్యంగా ప్రపంచాన్ని నడిపేవాళ్ళని నమ్మే పిల్లలకు, తెలుగు మాట్లాడుకుంటూ కూలికి వెళ్ళే ఆ యూదు మనుషులు కూడా ఉన్నారని చెప్పండి.

స్పెయిన్‌లో ఇంకో మలుపు ఉంది, అది వదలొద్దు. ప్రాణభయంతో వేలమంది క్రైస్తవం తీసుకున్నారు. గొడవ అయిపోవాలి కదా? 1449లో టొలెడో నగరం ఒక శాసనం చేసింది. మతం మారిన యూదుల సంతానానికి కూడా నగరంలో పదవులు ఇవ్వకూడదని. రక్తం శుభ్రంగా లేదట. మతం మీద మొదలైన ద్వేషం పుట్టుక మీదికి మారింది. మతం మారినా కులం వదలని మన ఊళ్ళు తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

ఈ రక్తం మాట 19వ శతాబ్దంలో సైన్సు వేషం వేసుకుని తిరిగి వచ్చింది. ఫ్రాన్స్ 1791లో, జర్మనీ 1871లో యూదులకు సమాన పౌరసత్వం ఇచ్చాయి. ఘెట్టో గోడలు కూలాయి. వాళ్ళ పిల్లలు డాక్టర్లు, లాయర్లు, విలేకరులు అయ్యారు. నిన్నటిదాకా తలవంచుకు నడిచినవాడు పక్క కుర్చీలో కూర్చుంటే కొందరికి మండింది. చర్చి మాటలు ఇప్పుడు పాతబడ్డాయి, కొత్త మాట కావాలి. 1879లో జర్మనీలో విల్‌హెల్మ్ మార్ అనే రచయిత యూదు వ్యతిరేకతకు యాంటీసెమిటిజం అన్న పదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇది మత ద్వేషం కాదు, జాతుల మధ్య పోరాటం అన్నాడు. పేరు గౌరవంగా ఉంది కాబట్టి చదువుకున్నవాళ్ళు కూడా నోరారా పలికారు. 1903లో రష్యాలో ఒక పత్రిక "సియోను పెద్దల రహస్య ఒప్పందాలు" అని ఒక దొంగ పత్రం అచ్చేసింది. యూదు పెద్దలు కూర్చుని ప్రపంచాన్ని పట్టుకోవడానికి కుట్ర చేస్తున్నట్టు అందులో ఉంటుంది. 1921లో లండన్ టైమ్స్ పత్రిక, అది 1864 నాటి ఒక ఫ్రెంచి పుస్తకం నుంచి పేరాలకు పేరాలు ఎత్తి రాసిందని పక్కపక్కన పెట్టి చూపించింది. అందులో యూదుల ఊసే లేదు, ఫ్రాన్స్ చక్రవర్తిని విమర్శించిన పుస్తకం అది. ఆ దొంగ పత్రం ఇంకా చావలేదు. హమాస్ 1988 చార్టర్ దాన్ని ప్రమాణంగా చూపించింది. మీ ఇంటి వాట్సాప్‌లో తిరిగే వాటిలో సగం దాని మనవలే.

ఇక జియోనిజం దగ్గరికి వద్దాం. యూదులకు వాళ్ళ పూర్వికుల నేల పాలస్తీనాలో సొంత దేశం ఉండాలన్న ఉద్యమం అది. ద్వేషం నుంచే పుట్టిందా అని అడిగారు. నేల మీద మమకారం ద్వేషం నుంచి పుట్టలేదు. వందల ఏళ్ళుగా యూదులు జెరూసలేం వైపు తిరిగి ప్రార్థిస్తున్నారు, పస్కా రాత్రి వచ్చే ఏడు జెరూసలేంలో అనుకుంటున్నారు. కానీ అది దేవుడు ఎప్పుడో నెరవేర్చే కోరిక. దాన్ని మనుషులు టికెట్టు కొనుక్కుని వెళ్ళే కార్యక్రమంగా మార్చింది మాత్రం యూరప్‌లో ఇక బతకలేమన్న నిరాశ. ఇటలీవాళ్ళు, గ్రీకులు, పోలెండ్‌వాళ్ళు మాకో దేశం అంటున్న కాలం అది. ఆ గాలి కూడా తగిలింది.

రష్యాలో 1881లో జార్ రెండో అలెగ్జాండర్‌ను విప్లవకారులు చంపారు. ఆ గుంపులో ఒక యూదు యువతి ఉంది. అది చాలు, దక్షిణ రష్యా అంతటా యూదుల మీద మూకలు పడ్డాయి. మరుసటి ఏడు ప్రభుత్వం యూదుల మీదే కొత్త ఆంక్షలు పెట్టింది. ఒడెస్సాలో లియోన్ పిన్‌స్కర్ అనే డాక్టరు ఉండేవాడు. చదువుకుని రష్యన్లలో కలిసిపోతే సమస్య తీరుతుందని అంతవరకూ చెప్పినవాడు. 1882లో ఒక చిన్న పుస్తకం రాసి తన మాట వెనక్కి తీసుకున్నాడు. యూదుల మీద భయం తరతరాలుగా సంక్రమిస్తున్న మనోవ్యాధి, అది నయం కాదు, మన విముక్తి మనమే చూసుకోవాలి అన్నాడు. డాక్టరు కదా, రోగం పేరుతోనే మాట్లాడాడు.

థియోడర్ హెర్జ్‌ల్ కూడా ఇలాంటివాడే. వియన్నా పత్రికకు పారిస్ విలేకరి. సూటూ బూటూ వేసుకున్న యూరోపియన్, యూదు ఆచారాలు పెద్దగా పాటించనివాడు. 1894లో ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారి మీద దొంగ సాక్ష్యంతో దేశద్రోహం మోపారు. 1895 జనవరిలో అందరి ముందు అతని బిళ్ళలు పీకి, కత్తి విరిచారు. హెర్జ్‌ల్ అది చూశాడు. అన్ని పుస్తకాలూ ఇక్కడే ఆపేస్తాయి. అయితే అదే 1895లో అతని సొంత వియన్నాలో యూదు ద్వేషమే ఎజెండాగా కార్ల్ ల్యూగర్ నగర ఎన్నికలు గెలిచాడు. నా ఉద్దేశంలో హెర్జ్‌ల్‌ను ఎక్కువ కుదిపింది అదే. ఫ్రాన్స్‌లో చేసింది సైన్యం, ఇక్కడ ఓటేసింది ఇరుగుపొరుగు. తర్వాత అదే నగరంలో తిరిగిన యువకుడు హిట్లర్ ల్యూగర్‌ను గురువులా చూశాడు. హెర్జ్‌ల్ 1896లో యూదులకు సొంత రాజ్యం కావాలని పుస్తకం రాసి, 1897 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదటి జియోనిస్టు మహాసభ పెట్టాడు.

మొదట ఆ సభ మ్యూనిక్‌లో పెట్టాలనుకున్నారు. మాకొద్దు అన్నది అక్కడి యూదులే. మేం జర్మన్లం, మీ సభ వల్ల మా దేశభక్తిని శంకిస్తారు అన్నారు. ఇది పిల్లలకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే యూదులంతా ఒకే మాట మీద ఉంటారన్న భ్రమ ఇక్కడ పగులుతుంది. అదే 1897లో రష్యా సామ్రాజ్యంలోని విల్నాలో యూదు కార్మికులు బుండ్ అనే సోషలిస్టు పార్టీ పెట్టుకున్నారు. మేం ఎక్కడ ఉన్నామో అక్కడే, మా యిద్దిష్ భాషలోనే, హక్కుల కోసం పోరాడతాం అన్నారు. చాలామంది ఏ సిద్ధాంతం లేకుండా ఓడ ఎక్కారు. 1881 నుంచి 1914 లోపు 20 లక్షలకు పైగా యూదులు తూర్పు యూరప్ వదిలారు. ఎక్కువమంది వెళ్ళింది అమెరికాకు. పాలస్తీనాకు వెళ్ళినవాళ్ళు కొన్ని పదుల వేలే.

మన పుస్తకాల్లో మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు ఉన్నాయి కదా. ఆ మాంటేగ్ ఇంగ్లండ్ మంత్రివర్గంలో ఉన్న యూదుడు, మన దేశ వ్యవహారాల మంత్రి. పాలస్తీనాలో యూదులకు జాతీయ గృహం ఇస్తామనే బాల్ఫర్ ప్రకటన మీద 1917లో చర్చ జరుగుతుంటే గట్టిగా అడ్డుపడింది ఆయనే. యూదులకు వేరే దేశం ఉందని మీరు ప్రకటిస్తే, మా దేశాలు మమ్మల్ని అక్కడికి పొమ్మంటాయి అని వాదించాడు. ప్రభుత్వ విధానం ఫలితంలో యూదు వ్యతిరేకమే అని రాసి ఇచ్చాడు. ఇటు బాల్ఫర్ ప్రధానిగా ఉన్నప్పుడే, 1905లో, రష్యా నుంచి పారిపోయి వస్తున్న యూదులను ఇంగ్లండ్‌లోకి రానీయకుండా కట్టడి చేసే చట్టం వచ్చింది. మా దేశానికి రావద్దు, పాలస్తీనాకు వెళ్ళండి. ద్వేషానికీ జియోనిజానికీ మధ్య ఉన్న ముడి ఇంత చిక్కుగా ఉంటుంది. యూదులను ఇష్టపడనివాళ్ళు కూడా జియోనిజాన్ని ఇష్టపడ్డారు, వాళ్ళు వెళ్ళిపోతారు కాబట్టి.

వెళ్ళే చోటు ఖాళీగా లేదు. అక్కడ అరబ్బీ మాట్లాడే ముస్లింలు, క్రైస్తవులు తరతరాలుగా సేద్యం చేసుకుంటున్నారు. ఆహద్ హా-అమ్ అనే జియోనిస్టు రచయిత 1891లోనే అక్కడ తిరిగి వచ్చి, దున్నని భూమి దొరకడమే కష్టం, అరబ్బులు ఏమీ తెలియని అమాయకులని అనుకోకండి అని తనవాళ్ళను హెచ్చరించాడు. 1899లో జెరూసలేం మాజీ మేయరు యూసఫ్ దియా అల్ ఖాలిదీ ఒక ఉత్తరం రాశాడు. అది హెర్జ్‌ల్‌కు చేరింది. యూదులకు ఆ నేలతో ఉన్న పాత బంధాన్ని ఆయన ఒప్పుకున్నాడు, వాళ్ళ బాధనూ అర్థం చేసుకున్నాడు. కానీ ఇక్కడ వేరే జనం ఉన్నారు, దేవుడి పేరు మీద అడుగుతున్నాను, పాలస్తీనాను వదిలేయండి అన్నాడు. నేను ఎప్పుడు చదివినా ఆ ఉత్తరం దగ్గర ఆగిపోతాను. హెర్జ్‌ల్ జవాబిచ్చాడు, మా రాకతో మీ భూముల విలువ పెరుగుతుందన్నాడు.

తర్వాత తలుపులన్నీ మూతపడ్డాయి. అమెరికా 1924లో వలసలను బాగా కుదించింది. 1938 జులైలో ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై యూదు శరణార్థుల మీద జాలి చూపించాయి, దాదాపు ఎవరూ చోటు ఇవ్వలేదు. 1939లో సెయింట్ లూయిస్ ఓడ 937 మందితో క్యూబాకు వెళితే దాదాపు ఎవరినీ దిగనివ్వలేదు, అమెరికా కూడా రానివ్వలేదు. ఓడ యూరప్‌కే తిరిగి వచ్చింది. అందులో 254 మంది తర్వాత నాజీల పాలనలో చనిపోయారు. అదే ఏడు బ్రిటన్ పాలస్తీనాకు వలసను ఐదేళ్ళలో 75,000కు కుదించింది. పోలెండ్ యూదుల్లో దాదాపు 30 లక్షల మందిని చంపేశారు, బుండ్ పార్టీ నమ్ముకున్నది వాళ్ళనే. ఉన్నచోటే హక్కులు అన్న వాదాన్ని వాదనలో ఎవరూ ఓడించలేదు. ఆ మాట అనేవాళ్ళను బతకనివ్వలేదు.

యుద్ధం అయిపోయాక కూడా, 1946 జులైలో పోలెండ్‌లోని కీల్సే పట్టణంలో ఎనిమిదేళ్ళ పిల్లాడు రెండు రోజులు కనబడలేదు. తిరిగి వచ్చి, యూదులు తనను ఒక ఇంటి నేలమాళిగలో బంధించారని చెప్పాడు. జులై 4న పోలీసులు, జనం కలిసి ఆ ఇంటి మీద పడ్డారు. 42 మంది యూదులను చంపారు. నాజీ క్యాంపుల నుంచి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఆ ఇంటికి అసలు నేలమాళిగే లేదు. పిల్లాడు చెప్పకుండా వేరే ఊరికి వెళ్ళి వచ్చాడు. 1144 నాటి నార్విచ్ కథ ఎనిమిది వందల ఏళ్ళు నడిచి అక్కడికి చేరింది. తర్వాతి నెలల్లో వేలకు వేల మంది పోలెండ్ వదిలి వెళ్ళిపోయారు. అంతవరకూ జియోనిస్టులు కానివాళ్ళు కూడా ఆ రైళ్ళలో ఉన్నారు. వాళ్ళను నేను తప్పుపట్టలేను.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. ఆ యుద్ధంలో 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్ళు వదలాల్సి వచ్చింది, వాళ్ళను తిరిగి రానివ్వలేదు. ఇంటి తాళంచెవులు ఇప్పటికీ దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. యార్క్‌లో కాగితాలు కాల్చింది వాళ్ళు కాదు, యూదులను చంపిన ఆష్‌విట్జ్ శిబిరం కట్టింది వాళ్ళు కాదు. యూరప్ చేసిన పాపానికి పరిహారం వాళ్ళ నేల మీద పడింది. ఆ తర్వాత ఇరాక్, యెమెన్, ఈజిప్టు లాంటి దేశాల నుంచి లక్షలాది యూదులు కూడా పాత ఇళ్ళు వదిలి ఇజ్రాయెల్ చేరారు. గాంధీజీ ఆ 1938 వ్యాసంలోనే యూదుల మీద తనకు పూర్తి సానుభూతి ఉందని చెప్పి, ఇంగ్లండ్ ఇంగ్లిషువాళ్ళది అయినట్టే పాలస్తీనా అరబ్బులది అని కూడా రాశారు. జర్మనీ యూదులకు సత్యాగ్రహం చేయమని ఆయన ఇచ్చిన సలహా నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. కానీ రెండు బాధలనూ ఒకే వ్యాసంలో పట్టుకోవాలన్న ఆ ప్రయత్నం దగ్గర మనం ఇంకా నేర్చుకోవాల్సింది ఉంది.

ఇంట్లో ఏం చేయాలంటారా? మీ తమ్ముడు గాజాలో చనిపోతున్న పిల్లల గురించి బాధపడితే, ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని ఎంత గట్టిగా విమర్శించినా, అది అతని హక్కు. ఇజ్రాయెల్‌లోనే వేలమంది యూదులు ఆ పని చేస్తున్నారు. కానీ వాక్యం "ఇజ్రాయెల్ ప్రభుత్వం" అని మొదలై మధ్యలో "ఈ యూదులే ఇంత" అని మారిందంటే ఆపండి. అక్కడ నార్విచ్ మాట్లాడుతోంది. మీ వారికి ఇంకో మాట. ఇజ్రాయెల్ సైన్యాన్ని మెచ్చుకోవడమూ యూదుల బాధ అర్థం కావడమూ ఒకటి కావు. పాలస్తీనీయులందరినీ టెర్రరిస్టులు అనడం కూడా ఊరి చివర ముసలామె మీద వేసిన నింద లాంటిదే. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఇజ్రాయెల్‌కు ముసలివాళ్ళను చూసుకునే పనికి వెళ్ళిన మనవాళ్ళు ఉన్నారు. మీ ఊరి చుట్టుపక్కల ఎవరైనా సెలవుకు వచ్చి ఉంటే ఇద్దరినీ వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. టీవీ చర్చల కంటే అది మేలు.

సోమవారం సంగతి. ఇంత చరిత్ర నలభై నిమిషాల్లో పట్టదు, పట్టించొద్దు. యార్క్ ఒక్కటి చెప్పండి. మూక, బురుజు, చర్చి, మంట వరకూ చెప్పి ఆపండి. ఆ అబ్బాయిని అందరి ముందు తప్పు పట్టకుండా, ఈ కాగితాల మీద ఎవరి పేర్లు ఉండి ఉంటాయి అని అతన్నే అడగండి. కాసేపు ఆలోచించుకోనివ్వండి, పక్కవాళ్ళు అందిస్తుంటే వద్దనండి. టైమ్ మిగిలితే కీల్సే పిల్లాడి కథ చెప్పండి, లేకపోతే మంగళవారం చెప్పండి. జియోనిజం ఆ తర్వాత మొదలుపెడితే వాళ్ళకే అర్థమవుతుంది, ఖాలిదీ ఉత్తరం మాత్రం మర్చిపోవద్దు. ఆ అబ్బాయి ఏం సమాధానం చెప్పాడో నాకు రాయండి.